రాతి మీద చిన్న చెయ్యి

మాది నిడదవోలులో బట్టల కొట్టు. కొట్టుకి సెలవున్న రోజు కెమెరా పట్టుకుని తిరగడం నా సరదా. కిందటి చలికాలం, కొండల్లో ఒకచోట రాతి గోడ మీద వేల ఏళ్ల నాటి బొమ్మలున్నాయని తెలిసి అమ్మనీ, నా భార్యనీ కారులో తీసుకెళ్లాను. అమ్మ మోకాళ్లతో అంత ఎత్తు ఎక్కలేదు. కింద చింతచెట్టు నీడలో కూర్చుని, మమ్మల్ని చూసొచ్చి చెప్పమంది.

తీరా పైకెళ్తే చెప్పడానికేమీ లేదు. అక్కడక్కడా జేగురు రంగు మరకలు, వాటి మీద నీటి చారలు. ఫోటోలు తీసుకుని దిగాం. ఏమీ కనబడలేదని చెబితే అమ్మ పోనీలెమ్మంది. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెను అంతసేపు ఒక్కదాన్నీ కూర్చోబెట్టి ఉత్తచేతులతో వచ్చానే అని నాకు మనసులో పీకుతూనే ఉంది.

ఫోటోల్లో వెలిసిపోయిన రంగుల తేడాను పెంచి చూపే సాఫ్ట్‌వేర్ ఉందని తర్వాత తెలిసింది. ఇంట్లో కంప్యూటర్‌లో వేసుకున్నాను. మొదట అత్యాశకు పోయాను. రంగు పెంచినకొద్దీ ఏనుగులు, విల్లు పట్టిన మనుషులు కనబడసాగారు. నా భార్య అసలు ఫోటోను దాని పక్కనే పెట్టించి చూసింది.

"అది ఏనుగు కాదండి, నీటి చార," అంది.

నిజమే. ఏనుగును వదులుకున్నాను. జేగురు ఒక్కటే పైకి తేలి మిగతా రంగులు అణిగేలా ఇద్దరం మెల్లగా సర్దుతూ వచ్చాం. ఎర్రగా ఒక జింక వీపు తేలింది, తర్వాత కాళ్లు. దానికి పైన, ఉత్త మరకే అనుకున్న చోట, ఐదు వేళ్లు విచ్చుకున్నాయి. పసిచెయ్యి. తెలిశాక వెతికితే అసలు ఫోటోలోనూ లీలగా కనబడింది.

అమ్మను పిలిచాం. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. అదెంత ఎత్తులో ఉందని అడిగింది. నా తలకన్నా పైనే ఉందని, చేతులెత్తి తీశానని చెప్పాను.

"అయితే ఎవరో ఎత్తుకుని పెట్టించారు నాన్నా," అంది.

నా భార్య అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

ఆ ఫోటోలను తెలిసిన చరిత్ర మాస్టారికి పంపాను. పిల్లల చెయ్యేనని ఆయనా ఒప్పుకున్నారు. అయితే ఆ కాలంలో అక్కడి నేల ఇంకా ఎత్తుగా ఉండి, వానలకు కోసుకుపోయి ఉండొచ్చని, ఎత్తుకున్నారని గట్టిగా చెప్పలేమని అన్నారు. ఆ మాట అమ్మకు చెప్పడానికి కొంచెం వెనకాడాను. చివరికి ఆమె బెండకాయలు తరుగుతుంటే చెప్పేశాను.

అమ్మ తరగడం ఆపలేదు. "నేల మీద నుంచునే పెట్టిందనుకో. తర్వాత ఆ చెయ్యి కడిగినవాళ్లు ఎవరో ఉంటారు కదా," అంది.

ఫోటోను పెద్దదిగా వేయించి ఇస్తానంటే, రంగు పెంచనిదే కావాలంది. ఇప్పుడది ఆమె గదిలో ఉంది. వచ్చినవాళ్లకు అందులో రాయి తప్ప ఏమీ కనబడదు. అమ్మ వాళ్ల వేలు పట్టుకుని చూపిస్తుంది.