ఆరో ప్రశ్న

మా పై వాటాలో ఈమధ్య అద్దెకు దిగినవారు అన్నం వారుస్తారు. రాజమండ్రిలో కుక్కరు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. అందుకే పదకొండు గంటల వేళ వేడి గంజి వాసన మెట్ల మీదుగా కిందికి దిగితే, చదువుతున్న పేపరు పక్కన పెట్టేస్తాను. కొంచెం తియ్యగా, కొంచెం కుండ అడుగు మాడినట్టుగా ఉంటుంది ఆ వాసన. అది తగలగానే, సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేటలో, పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉన్న డాక్టర్ కామేశ్వరి గారు కళ్ళ ముందుకు వస్తారు.

ఆవిడ విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞాన శాఖ ప్రొఫెసరు. తరగతిలో పాఠాలు చెప్పడంతోపాటు, డెల్టా పల్లెల్లో తల్లుల ఆరోగ్యం, కుటుంబాల తిండి సంగతులు పరిశోధించే చిన్న విభాగాన్ని కూడా నడిపేవారు. నేను అందులో క్షేత్ర పరిశోధకుణ్ణి. పేరు పెద్దదే గాని, పని ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపడం. మేడం గారు పొట్టి మనిషి. నేత చీర, భుజాన గుడ్డ సంచి, సంచిలో పెరుగన్నం క్యారేజీ. అటెండరు మొదలు వైస్ చాన్సలరు దాకా అందరినీ "గారు" అనే పిలిచేవారు. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, "అండి"లు పెరిగేవి. నేను చేరిన మొదటి వారంలో ఒక ఫారంలో వయసు గడి ఖాళీగా వదిలేస్తే, "సత్యనారాయణ గారండీ, ఈవిడకు వయసు లేదాండి? దేవతాండి?" అన్నారు. ఆ తరువాత నా ఫారంలో ఖాళీ గడి ఎవరూ చూడలేదు. హైస్కూలు రోజుల నుంచి డైరీ రాసేవాణ్ణి. లేచిన వేళ, ఎక్కిన బస్సు, తిన్న తిండి, కలిసిన మనుషులు, ఏదీ వదలను. అటువంటివాడికి ఫారం నింపడం కష్టమనిపించదు.

ఒక ఏడాది మాకు అప్పగించిన పని ఇది. నరసాపురం రేవు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న పేటల్లో గర్భిణులు సరిగా తింటున్నారో లేదో తేల్చాలి. వాళ్ళకు మధ్యాహ్నం వండిపెట్టే కేంద్రం ఒకటి పెట్టాలని ఆలోచన ఉంది. అవసరమో కాదో మా నివేదిక చూసి నిర్ణయిస్తామని జిల్లా అధికారులు చెప్పారు. ఫారం మేడం గారే తయారుచేశారు. అందులో ఆరో ప్రశ్న, "నిన్న మధ్యాహ్నం భోజనం చేశారా?" నా వంతు ఇళ్ళు అందరికంటే వారం ముందే ముగించాను. ఆరో గడిలో అన్నిచోట్లా "చేశారు" అనే ఉంది. మంచి వార్త తెచ్చానన్న ధీమాతో కట్ట ఆవిడ బల్ల మీద పెట్టాను.

ఆవిడ ఒక్కొక్క ఫారం తిప్పి చూశారు. "తినని మనిషి ఒక్కరూ లేరాండి?"

"లేరండి. అందరూ తిన్నారు."

"మా ఇంట్లోనే వారానికి ఒకరోజు ఎవరో ఒకరు పస్తుంటారండి, ఏకాదశనో, అలకనో," అన్నారు. "రేపు నేను కూడా వస్తానండి."

మర్నాడు పంటు మీద గోదావరి దాటుతున్నాం. జనం, సైకిళ్ళు, చేపల తట్టల మధ్య ఇద్దరం ఒక పక్కగా నిలబడ్డాం. ఉన్నట్టుండి ఆవిడ అడిగారు.

"సత్యనారాయణ గారూ, నిన్న మధ్యాహ్నం భోజనం చేశారా?"

"చేశానండి."

"డైరీ సంచిలోనే ఉందా?"

"ఉందండి."

"నిన్నటి పేజీ తీయండి."

తీశాను. నా చేతిరాతతోనే ఉంది: "మధ్యాహ్నం భోజనం కుదరలేదు. బస్టాండులో రెండు అరటిపళ్ళు, టీ." అబద్ధం చెప్పాలని అనుకోలేదు. ఆవిడ అడిగారు, నోరు దానంతట అదే బదులిచ్చేసింది.

"సిగ్గుపడకండి," అన్నారు కామేశ్వరి గారు. "మన వైపు తిన్నారా అంటే తిన్నామనే అంటాం. అది పలకరింపు. ఆ పలకరింపుని తీసుకెళ్ళి నేను ఆరో ప్రశ్నగా అచ్చు వేయించాను. ఇవాళ ఆ ప్రశ్న అడగొద్దు. నిన్నటి రోజంతా చెప్పమనండి, లేచిన దగ్గర్నుంచి. మీ డైరీ ఎలా రాస్తారో అలా రాయండి. జవాబు వచ్చేసిందని లేచిపోకండి, ఇంకాసేపు కూర్చోండి."

పేటలో మేం వెళ్ళిన మొదటి ఇల్లు మంగ అనే అమ్మాయిది. ఏడో నెల. నా పాత ఫారంలో ఆమె ఎదురుగా కూడా "చేశారు" అనే ఉంది. మేం వెళ్ళేసరికి అన్నం వారుస్తోంది. వాకిట్లో అత్తగారు చిరిగిన వల బాగుచేస్తోంది. మేడం గారు పీట వద్దని పొయ్యి పక్కనే చతికిలపడ్డారు. నేను గుమ్మంలో కూర్చుని నిన్నటి రోజు చెప్పమన్నాను.

"ఏం చేత్తామండి, తెల్లారకుండా ఒడ్డుకెళ్ళాను. చేపలు తట్టకెత్తుకుని ఊళ్ళో అమ్మొచ్చాను. వచ్చి వండాను. మా ఆయన, మా మరిది తిన్నారు. తరవాత అత్త తింది."

"ఆ తరువాత?"

మంగ అత్తగారి వైపు చూసింది. ఆవిడ వల మీంచి తల ఎత్తకుండానే, "చెప్పవే, గంజి తాగానని చెప్పు. బాబుగారు పేపర్లో ఏయిత్తారు," అంది.

"గంజిలో ఉప్పేసుకుని తాగానండి," అంది మంగ.

"మరి మొన్న నేనడిగితే తిన్నానన్నారు కదమ్మా?"

"ఇంటికొచ్చిన మడిసి తిన్నావా అనడిగితే తినలేదంటామేంటండి? అలాగంటే, రండి తిందాం అని పిలవాలి కదా. కుండలో ఏముందని పిలుత్తాను?"

నేను రాయడం ఆపేశాను. మేడం గారు మాత్రం "రాయండి, ఆ మాట కూడా రాయండి," అన్నారు.

ఆఫీసుకు తిరిగి రాగానే నా కట్టతో సహా అందరి ఫారాలూ రద్దు చేశారు. నాకు చాలా బాధ కలిగింది. "వాళ్ళు చెప్పిందే రాశాను కదండీ. ఒక్క అక్షరం కల్పించలేదు," అన్నాను. "మీరు సరిగ్గానే రాశారు. అడగడమే నాకు రాలేదు," అన్నారు ఆవిడ. శాఖాధిపతి ఒప్పుకోలేదు. నివేదిక ఇవ్వాల్సిన జిల్లా అధికారుల సమావేశానికి మూడు వారాలే ఉన్నాయి. "రెండు నెలల పని గోదాట్లో పోస్తానంటారా మేడం గారూ?" అన్నారాయన. "తప్పుడు లెక్కకి గోదారే సరైన చోటండి," అన్నారు ఈవిడ. గడువు తప్పితే మళ్ళీ ఇటువంటి పని ఆమె చేతికి రాదని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆవిడ కాగితం తీసుకుని, ప్రశ్న తయారుచేయడంలో పొరపాటు తనదేనని, ఫారాలు నింపినవారిది కాదని రాసి సంతకం పెట్టారు. ఒక ప్రొఫెసరు తన కింద పనిచేసేవాడి కోసం అలా రాసివ్వడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో, నిన్న ఏం చేశావో వరసగా చెప్పమని మా ఆవిడ పద్మను అడిగాను. "ఏంటండి, నన్ను కూడా సర్వేలో ఎక్కించారా?" అని నవ్వింది. నవ్వుతూనే చెప్పింది. రాత్రి వంకాయ కూర బాగుందని నేను రెండోసారి వేయించుకున్నానట, తను ఆవకాయ, మజ్జిగతో ముగించిందట. పెళ్ళయిన నాటి నుంచీ నా తిండి రాసుకున్న డైరీల్లో ఆమె కంచం ఒక్క పేజీలోనూ లేదు.

ఆ మూడు వారాలు నేను జీవితంలో ఎప్పుడూ తిరగనంత తిరిగాను. ఒక్కో ఇంట్లో గంట పట్టేది. నా వంతులో సగం ఇళ్ళు మేడం గారు తనే తీసుకున్నారు. ఎండ దెబ్బకు ఒకరోజు పంటు రేవులో కూలబడిపోయి, నిమ్మరసం తాగి మళ్ళీ నడిచారు. గడువుకు ఒకరోజు ముందు పని పూర్తయింది.

సమావేశంలో ఒక అధికారి, మేడం గారు దాచకుండా జతచేసిన పాత ఫారాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, "మేడం గారూ, మొన్నేమో తిన్నారన్నారు, ఇప్పుడేమో తినలేదంటున్నారు. ఏది నమ్మమంటారు?" అన్నారు. కొందరు నవ్వారు.

"రెండూ వాళ్ళు చెప్పినవేనండి," అన్నారు కామేశ్వరి గారు. "మొదటిసారి పలకరించాం. రెండోసారి అడిగాం. సత్యనారాయణ గారూ, మంగ గారి రోజు చదవండి."

లేచి చదివాను. కుండలో ఏముందని పిలుత్తాను అన్న దగ్గరకు వచ్చేసరికి గదిలో నవ్వు లేదు. కేంద్రం మంజూరైంది. సరుకులు ఇంటికి ఇచ్చి పంపుదామన్నారు ఒకరు. ఇంటికి వెళితే అవి అందరి కుండలో కలిసిపోతాయని, అక్కడే కూర్చోబెట్టి వడ్డించాలని మేడం గారు పట్టుబట్టి సాధించారు.

కేంద్రం మొదలైన రోజున వెళ్ళాం. బంతిలో మంగ కూడా ఉంది, నెలలు నిండిన మనిషి. పక్కన అత్తగారు నిలబడి, "తిను, ఇక్కడ నీ మరిది లేడులే," అంటోంది. మంగ నవ్వు ఆపుకుంటూ పప్పన్నం కలుపుకుంది, గుడ్డు చివరికి దాచుకుంది. కామేశ్వరి గారు ఎవరినీ ఏమీ అడగలేదు. గోడకు ఆనుకుని, అందరి విస్తళ్ళూ ఖాళీ అయ్యేదాకా నిలబడి చూశారు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నేను రిటైరయ్యే లోపు ఎందరో విద్యార్థులను పల్లెలకు తీసుకెళ్ళాను. ఆవిడ కింద పనిచేశానని చెప్పుకున్నప్పుడల్లా ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. వాళ్ళకు పట్టికలు, సూత్రాలు ఎవరైనా నేర్పుతారు. నేను నేర్పింది ఆవిడ నాకు పంటు మీద చెప్పినదే. ఉద్యోగం ముగిసినా అది నన్ను వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా బాగున్నారా అంటాను. బాగున్నామండి అంటారు. నేను వెంటనే లేవను.