నేను చేయని ఫోన్

నాలుగేళ్లుగా నా ఫోన్ మోగితే ముందు భయం వేస్తుంది, తర్వాతే పేరు చూస్తాను. దాని వెనక ఒక అబద్ధం ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నాచారంలో ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌ని. పెద్ద చదువు లేదు. ఉప్పల్ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల్లో లోహాల గురించి నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. కరోనా తర్వాత వారానికి మూడు రోజులు బోడుప్పల్‌లో ఇంటి నుంచే పని. కొలిమిని చల్లబరిచే నీటి పైపుల వేడి నా ల్యాప్‌టాప్‌లో కనబడుతుంది. హెచ్చరిక వస్తే నేను కొలిమి దగ్గరుండే యాదగిరి అన్నకు ఫోన్ చేయాలి. ఆయన పైపుకు వేళ్ల వెనుక భాగం ఆనించి చూసి, బాగుందంటేనే నేను 'సరిచూశాం' అని నొక్కాలి. ఆ కొలిమి దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన చెయ్యి అది.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, నేను ఇంట్లో ఉండగా హెచ్చరిక వచ్చింది. దుమ్ము పడితే సెన్సర్లు తప్పు చూపిస్తాయని అంతకు ముందు వారమే చదివాను. ఇదీ అదేననుకున్నాను. చదివింది పనికొచ్చిందన్న సంతోషంలో, ఫోన్ చేయకుండానే నొక్కేశాను. పది నిమిషాలకు పైపు పగిలింది. మరిగే నీళ్లు యాదగిరి అన్న ఎడమ చేతి మీద పడ్డాయి.

వారం తర్వాత విచారణ. నేను ఇంట్లో, వీడియోలో. ఆయన చేతికి కట్టుతో మేనేజర్ పక్కన.

"నొక్కే ముందు ఫోన్ చేసినవా?" అని మేనేజర్ నన్ను అడిగాడు.

"చేసిన సార్. సల్లగనే ఉందన్నడు."

యాదగిరి అన్న తెరకు దగ్గరగా వచ్చాడు. "నిజంగ చేసినవా, పుస్తకాల సారూ?"

"చేసిన అన్నా. మర్చినవా?"

ఆయన తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగాడు. "ఏమో సార్. గా చప్పుడుల యాదికొస్తలేదు. సారు సదువుకున్నోడు. నేనే సూడకుండ చెప్పిన్నేమో."

ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఫోన్ రికార్డు ఎవరూ అడగలేదు. ఎప్పుడో ఒకరోజు అడుగుతారని ఏళ్ల తరబడి భయపడ్డాను. నా భయం నిజంగా దాని గురించేనా?

పోయిన నెల ఉప్పల్ చౌరస్తా దగ్గర టీ కొట్టులో ఆయన్ను చూశాను. కుడిచేతి వేళ్ల వెనుక భాగంతో టీ గ్లాసును తాకాడు. మళ్లీ తాకాడు. నమ్మకం కుదరనట్టు పక్కవాణ్ణి ఏదో అడిగాడు. అతను తన చెయ్యి పెట్టి చూసి తలూపాడు. అప్పుడు తాగాడు. ఆయన నన్ను చూడకముందే నేను బస్సు చాటుకు తప్పుకున్నాను.

ఇరవై ఏళ్లు కొలిమిని కాచిన చేతిని ఆయన నమ్మకుండా చేసింది నేనే.

ఇది ఎవరైనా ఆయనకు చదివి వినిపిస్తే? అయినా రాస్తాను. యాదన్నా, ఆ రోజు నేను ఫోన్ చేయలేదు. నీ చెయ్యి తప్పు చెప్పలేదు. దాన్ని అడగాల్సినవాడు అడగలేదు.

హమ్మయ్య. మాట బయటికి వచ్చింది.