నీటికాసులు

మా ఇంట్లో దేవుని గూటి పక్కన ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో స్తోత్రాలు లేవు, ఊర్ల పేర్లున్నాయి. గుత్తి, డోను, కర్నూలు, జడ్చర్ల, నిర్మల్, ఆదిలాబాదు, నాగపూరు, సివనీ, నర్మద, సాగరు, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ. మా ఆయన చీనీకాయల లోడుతో ఢిల్లీ మార్కెట్టుకు లారీ తోలిన దోవ అది. పెండ్లైన కొత్తలో ఆయన చెప్తాంటే నేను రాసుకున్నాను. నేను బడి మొగం చూడలేదు. మా నాయన వాకిట్లో ఇసుక పోసి, వేలు పట్టుకొని దిద్దించిన అక్షరాలే నావి. ఆ అక్షరాలతో నేను రాసిన మొదటి పెద్ద రాత ఈ ఊర్ల పేర్లే.

ఆయన లారీ ఎక్కిన రోజు నుంచి తిరిగి వచ్చేదాకా, పొద్దున్నే దీపం పెట్టి ఈ పేర్లు వరసగా చదివేదాన్ని. ముప్పై ఏండ్లు చదివినాను. ఏ ఊర్లోనూ ఆయనకు ఏమీ కాలేదు. అందుకు సామికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

గుత్తి దాటి ఒక్క ఊరూ నేను చూసింది లేదు. నర్మద ఊరు కాదని కూడా చానా రోజులు తెలీదు. నది బ్రిడ్జి మింద ఆయన లారీ నెమ్మది చేసి, కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలోకి ఇసిరేవాడంట. కృష్ణకొకటి, గోదావరికొకటి, నర్మదకొకటి. "నర్మదమ్మకు ఏసేది మాత్రం నీ పేరు మిందనేమ్మే" అనేవాడు.

"నా పేరు మింద ఏసేదేదో నా చేతికే ఇయ్యచ్చు గదా" అనేదాన్ని.

"నీ చేతికిస్తే ఉప్పుకో పప్పుకో పోతాది. ఆడైతే నిలుచ్చాది" అనేవాడు.

లారీ మానేసినాక ఆయన ఒక పాత కారు కొన్నాడు. కంబదూరులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద దాన్ని పెట్టి, దినమూ తుడిచేవాడు. "ఒక ఎండాకాలం అందరినీ కాశీకి నేనే తోలుకొని పోతా. సివనీ దాటినాక కుడిపక్కకు తిరిగితే జబల్పూరు. ఆడ మళ్ళా నర్మద వస్తాది. నీ బిళ్ళ నువ్వే ఎయ్యి" అని చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా, కాశీ కంటే ముందు ఆ బ్రిడ్జే నా కండ్ల ముందు కనిపించేది.

పోయిన ఉగాదికి ముందు, కళ్యాణదుర్గం దోవలో, నెత్తిన సొప్ప మోపుతో పోతాండే ఒకామె ఎడమపక్క నుంచి కారుకు అడ్డం వచ్చింది. అడ్డం రాలేదు, ముందునుంచీ రోడ్డు వారన నడుస్తానే ఉంది. ఆయనకు కనపడలేదు. నేను "మనిషి" అని అరిస్తే బ్రేకు కొట్టినాడు. మోపు కింద పడింది. ఆమె కిటికీ దగ్గరకొచ్చి, "కండ్లు యాడ పెట్టి తోలుతాండావప్పా? ఇంట్లో పెట్టి వచ్చినావా?" అనింది.

"అవునమ్మా, మరిచిపోయి వచ్చినా" అని ఆయన నవ్వినాడు. దిగి, మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టినాడు. మళ్ళా ఇల్లు చేరేదాకా ఎడమపక్కకు తల తిప్పి తిప్పి చూస్తా తోలినాడు.

కొడుకుకు మోకాళ్ళ నొప్పులకని చెప్పి ఇద్దరం అనంతపురం పోయినాం. డాక్టరమ్మ ఆయన గడ్డం ఒక మిషను మింద పెట్టించి చానాసేపు చూసింది. నీటికాసులు అని చెప్పింది. ఎదురుగా ఉండేది కనపడతాది, పక్కలు మూసుకుపోతాయి, పోయిన చూపు తిరిగి రాదు, ఉండేదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవల్ల అనింది. బండి మానుకోమనింది.

తిరిగి వచ్చే బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట శెనిక్కాయ చేన్లు ఎండి నేల తెల్లగా ఉంది.

"నీటికాసులంట. నదుల్లో ఏసిన బిళ్ళలన్నీ లెక్కబెట్టుకొని నా కండ్లల్లోకి వచ్చినాయేమో" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే నన్ను దేవుని గూటి ముందు నిలబెట్టినాడు. మా గూట్లో ఉండేది జానెడు ఆంజనేయస్వామి రాయి, మా నాయన ఇచ్చింది. "సామి మింద చేయిపెట్టి చెప్పు. పిల్లోళ్ళకు ఈ సంగతి చెప్పనని." నేను పెట్టినాను. తెలిస్తే కొడుకు కారు తాళం చెవి తీసుకుంటాడని ఆయన భయం. ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టుకున్న మనిషి. వద్దనేదానికి నాకు నోరు రాలేదు.

ఆనాటి నుంచి కారులో నేను ఎడమపక్క ముందు సీట్లోనే కూర్చునేదాన్ని. మనిషి, ఆవు, సైకిలు అని మెల్లగా చెప్తాంటే, ఆయన విననట్టే విని తిప్పేవాడు. లారీ క్లీనరు పని ఈ వయసులో నేర్చుకున్నాను. సందకాడ తోలద్దని బతిమాలుకునేదాన్ని, వినేవాడు. సంతకూ గుడికీ పోయి వచ్చిన ప్రతిసారీ సామికి టెంకాయ కొట్టేదాన్ని. మా కోడలు, "అత్తా, సంతకు పోయి వచ్చినా టెంకాయేనా?" అని నవ్వేది.

ఎండాకాలం సెలవలు వచ్చినాయి. కొడుకు బడిలో అయ్యవారు కాబట్టి సెలవలు వానికీ ఉన్నాయి. ఒక మధ్యాన్నం అన్నం తింటా ఆయన అన్నాడు, "ఈసారి కాశీకి పోదాం. కారులో. నేను తోల్తా."

కొడుకుకు సంతోషమైంది. దోవలో నాగపూరు చూడచ్చన్నాడు. కోడలు కూడా కారే మేలనింది. సంగటి ముద్దలు, ఊరిమిండి పచ్చడి, గిన్నెలు అన్నీ ఏసుకొని పోవచ్చు, యాడ కావాలంటే ఆడ నిలుపుకోవచ్చు. మనవరాలొక్కటే ఇమానమనింది. పిల్లోళ్ళ మాట ఎవరు వింటారు.

"నేనూ ఇమానమే అంటాండా" అన్నాను.

అందరూ అన్నం మానేసి నా వైపు చూసినారు. ఆటో ఎక్కితేనే కమ్మీ పట్టుకొని హనుమంతున్ని తలచుకునే దాన్ని నేను.

"ఏమప్పా, మీ అమ్మకు రెక్కలు వచ్చినాయి" అన్నాడు ఆయన. చిన్నగా నవ్వినాడు గానీ నా మొగంలోకి చూడలేదు.

"అమ్మా, దోవంతా నీకే చూపించల్లని గదా నాయన ఇన్నేండ్లు చెప్తాండేది" అన్నాడు కొడుకు. "నాయనకు అలుపొస్తే నేను పడతాలే."

"నేనుండంగా నువ్వెందుకు? లారీల మధ్యన నీ చేతులు వణుకుతాయి" అని ఆయన వాని మాట తుంచేసినాడు.

"అవ్వకు ఇమానం మోజు" అని మనవరాలు ఇల్లంతా చెప్పుకుంటా తిరిగింది. మూడు రోజులు ఆ మాటే. నా తలలో మాత్రం కాశీ దోవే. రెండు దినాల దోవ, వెనక సీట్లో ఆ పిల్ల, రెండు పక్కలా లారీలు. దినమంతా నేను మనిషి, ఆవు అని చెప్పుకుంటా ఎంత దూరం పోగలను? చెప్పేస్తే ఒట్టు పోతాది. చెప్పకపోతే ఏం పోతాదో తలుచుకోవడానికే భయం. పూజలో కూర్చున్నా ఇదే.

మూడో రోజు ఆయనే అన్నాడు, "ఈ కొట్లాట ఎందుకు? పూలు అడుగుదాం. నీ సామి నాకెన్నడూ దోవకు అడ్డం రాలేదు."

పూలు అడిగేదంటే మా పక్క అందరికీ తెలిసిందే. సామి రెండు భుజాల మింద రెండు పూలు తడిపి అంటిస్తారు. ఏది ముందు రాలితే అదే సామి మాట. కుడిది రాలితే కారు, ఎడమది రాలితే ఇమానం అని ఆయనే చెప్పినాడు. పూలు అంటించేది ఎప్పుడూ నేనే.

వాన రాకపోయినా మా పెరట్లో గన్నేరు పూస్తాది. రెండు పూలు కోసుకొచ్చినాను. ఎడమ పువ్వును ఉత్త నీళ్ళతో అంటించినాను. కుడి పువ్వు వెనక, ఎవరికీ కనపడకుండా, గిన్నెలో ఉండే తడి గంధం పూసి అదిమినాను. అదిమింది ఈ వేలే. ఈ రాయికి ఇన్నేండ్లు నీళ్ళు పోసిన వేలు. నన్ను క్షమించు సామీ, ఒట్టు నీ మింద వేసినాను, మోసమూ నీ ముందే చేస్తాండాను, ఇంకెవరి దగ్గరికి పోయేది అని లోపల అనుకున్నాను.

ఎండాకాలం గాలికి తడి నిలవదు. ఎడమ పువ్వు రాలింది.

మనవరాలు చప్పట్లు కొట్టింది. ఆయన గూటి దగ్గరికొచ్చి, చేత్తో తడుముకొని రాలిన పువ్వు తీసుకున్నాడు. రెండు కండ్లకూ అద్దుకున్నాడు. తర్వాత కుడి భుజం మింది పువ్వును పట్టి లాగినాడు. అది తొందరగా ఊడి రాలేదు. వచ్చినాక, వేలి కొసలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ గంధం నొసట పూసుకున్నాడు.

"ఇమానమే. సామి మాట" అన్నాడు.

తలుపు వెనక మేకుకు తగిలించిన తాళం చెవి తీసి కొడుకు చేతిలో పెట్టినాడు. "బెంగుళూరు దాకా నువ్వే తోలు. నాకు నడుము పట్టింది."

ఆయనకు తెలిసిందో లేదో నాకు అంతు పట్టలేదు. అడిగే ధైర్యం లేదు.

బెంగుళూరు ఏర్పోర్టుకు పోయేటప్పుడు ఆయన ముందు ఎడమ సీట్లో కూర్చున్నాడు, నా సీట్లో. నేను వెనక. రోడ్డు వారన ఎవరో నడుస్తాంటే, అలవాటుగా "మనిషి" అన్నాను. "కనపడతాండాడు లేమ్మా" అన్నాడు కొడుకు. ఆయన మెడ కొంచెం వంగింది.

ఇమానంలో కిటికీ పక్కన మనవరాలు, మధ్యలో ఆయన, ఈపక్క నేను.

"ఏం కనపడతాందే?" అని మనవరాలిని అడిగినాడు.

"మబ్బులు తాతా. అంతా దూదే."

నా వైపు వంగి, "ఇప్పుడు యాడుండాం?" అన్నాడు.

నాకేం తెలుసు. అయినా, "కర్నూలు దాటినాం" అన్నాను.

"డీజిలు పట్టిచ్చినావా?"

"పట్టిచ్చినా."

మళ్ళా అడిగినాడు. నిర్మల్ అన్నాను. నాగపూరు అన్నాను. "టిఫిను తినకముందే నాగపూరా. నా లారీ వింటే ఏడుస్తాది" అన్నాడు. నోటుబుక్కులో ఉండే వరసే, ఒక్కో పేరు ఒక్కో మబ్బుకు పెట్టుకుంటా పోయినాను. ముప్పై ఏండ్లు చదివిన ఊర్లన్నీ కిందనే ఉన్నాయి. ఒక్కటీ కనపడలేదు.

"నర్మద" అన్నాను.

ఆయన చేయి చొక్కా జేబులోకి పోయింది. రూపాయి బిళ్ళ తీసినాడు. అది ఇంటి దగ్గర్నించి తెచ్చుకున్నాడని నాకు తెలీదు. మూసిన కిటికీ వైపు ఒకసారి చూసి, బిళ్ళను పిడికిట్లో పెట్టుకున్నాడు. దిగేదాకా ఆ పిడికిలి తెరవలేదు.

మరుసటి రోజు పొద్దున కాశీలో పడవ ఎక్కినాం. ఇన్నేండ్లకు గంగమ్మ నీళ్ళు నెత్తిన చల్లుకొనే భాగ్యం దొరికిందని నేను దండం పెడతాంటే, ఆయన బిళ్ళ తీసి పక్కకు ఇసిరినాడు. పడవ అంచు ఆయనకు కనపడలేదు. బిళ్ళ చెక్కకు తగిలి టక్కుమని మా కాళ్ళ దగ్గర పడింది.

"పడిందా?" అన్నాడు.

"పడింది" అన్నాను.

"ఇంకోసారి నీ మాటను సామి మింద పెట్టద్దు" అన్నాడు మెల్లగా. "పోయింది కండ్లు. ముక్కు పోలేదు."

ఎదురుగా కూర్చున్న కొడుకు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసినాడు. ఆయన వాని వైపు తల తిప్పి, "నాకు పక్కన ఏమీ కనపడదప్పా" అన్నాడు.

"ఎప్పటి నుంచి నాయనా?"

"ఉగాదికి ముందు నుంచి. మీ అమ్మ నోరు కట్టింది నేనే. ఆమెనేమీ అనద్దు."

కొడుకు వంగి బిళ్ళ ఏరినాడు. నాయన చేయి పట్టుకొని, పడవ అంచు దాటించి, నీళ్ళ మిందకు తెచ్చి వదిలినాడు. ఆయన వేలు తెరిచినాడు. చప్పుడేమీ వినపడలేదు.

ఇంటికి వచ్చినాక కారు అమ్మేద్దామని ఎవరూ అనలేదు. వేపచెట్టు కిందనే ఉంది, ఆకులు పడి. తాళం చెవి ఇప్పుడు కొడుకు దగ్గర. ఆయన కారు తుడిచేది మానేసినాడు. నేను మళ్ళా పూలు అడగలేదు. అడిగితే సామి ఏం చెప్తాడోనని కాదు, అడిగే మొగం నాకు లేదు. అయినా సామి పొద్దున్నే దీపం పెట్టనిస్తాండాడు, అదే చాలు.

దీపం పెట్టినాక ఆయన గోడకు ఆనుకొని కూర్చుంటాడు. ఒక్కో కంట్లో ఒక్కో చుక్క మందు వేస్తాను. మందు కంట్లో నిలవాలంటే కొంచెంసేపు రెప్పలు మూసుకొని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. గడియారం చూడకుండా నేను నోటుబుక్కు తీసి చదువుతాను. గుత్తి, డోను, కర్నూలు. ఆయన కండ్లు మూసుకొని వింటాడు. తొందరగా చదివితే, "నెమ్మది, ఆడ రోడ్డు బాగలేదు" అంటాడు. నర్మద వచ్చేసరికి సరిపోతాది. అప్పుడు తెరవమంటాను.