తువ్వాలు కింద చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే పనుందని లేచి వెళ్ళిపోయే రకం నేను. మా అత్తగారింట్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని వేపమండల కోసం పరుగెత్తేవాళ్ళు. నేను పోయి కషాయం కాచేదాన్ని. ఇప్పటికీ అదే చేస్తాను. అందుకే చిత్తూరులో జరిగింది చెప్పాలంటే నాకే చిరాకు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

యుద్ధం రోజులు. మాది సత్యవేడు. మా ఆయనది బెల్లం వ్యాపారం. సరుకు కొనడానికి చిత్తూరు మండీకి పోతూ ఆసారి నన్నూ రమ్మన్నాడు. ఒక్క పూటలో బేరం చూసుకుని, అటునుంచి అటే తిరుపతికి పోయి, కొండ మీద రెండు రోజులు హాయిగా ఉండి వద్దామని ఆశ పెట్టాడు.

ఆ ఆశ నాకు పాతదే. పెళ్ళైన కొత్తలోనే కొండకు పోవాలని మూట కట్టుకున్నాను. బయలుదేరే పొద్దునే మా మామగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, మాట పోయింది. మూట విప్పేశాను. ఆయన కన్నుమూసేదాకా అన్నం తినిపించిందీ, ఒళ్ళు తుడిచిందీ నేనే.

ఆయనదీ బెల్లం వ్యాపారమే. మండీలో ధర నోటితో చెప్పరు. పక్కవాడికి తెలియకుండా చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టి చెప్పుకుంటారు. మాట పోయాక మామగారు నాతోనూ అలాగే మాట్లాడేవారు. నీళ్ళు కావాలన్నా, పక్క మార్చాలన్నా ముందు తువ్వాలు లాక్కుని నా చెయ్యి దాని కిందికి తీసుకునేవారు. అడగడం నలుగురూ చూడకూడదని ఆయన పంతం. వేళ్ళన్నీ కలిపి గట్టిగా నొక్కి ఒక్క విదిలింపు విదిలిస్తే, చాలు, ఇక లే అని అర్థం. మండీలో బేరం ముగించడానికి ఆయన వాడిన గుర్తే అది. ఆయన కుడిచేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు. చెరకు గానుగలో పోయింది. ఆ మొండి వేలు అరచేతికి ఎలా తగులుతుందో నాకు బాగా తెలుసు.

చిత్తూరులో, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దిగేసరికి ఇద్దరి ముఖాలూ మసి. మండీ మిద్దె మీద ఒక గది ఇచ్చారు. మా ఆయన కిందికి పోయాడు, అంతే. ఆ రోజు బేరం కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. మండీ శెట్టి ధర తగ్గించడు, ఈయన పెంచడు. నేను పైన బెల్లం వాసన పీలుస్తూ, ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. దీనికా నన్ను పిలుచుకొచ్చింది అని ఒళ్ళు మండిపోయింది.

ఆ మరుసటి పొద్దున అడిగేశాను.

"ఇంకెన్ని దినాలు నన్నీడ కూసోబెడతారు? శనివారానికి ఇంట్లో ఉండాలని అత్త చెప్పి పంపించింది గదా."

"ఈ పొద్దు బేరం కాకుంటే నేరుగా ఇంటికే పోదాం మే. కొండ సంగతి మల్లా చూసుకుందాం."

ఆ మల్లా ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. ఏడుపొచ్చింది. ఆయన పోగానే తలుపు గడియ వేసుకుని, ఇంటికి పోవడానికే మూట సర్దడం మొదలుపెట్టాను.

మిట్టమధ్యాహ్నం. నేను పడుకోలేదు, ఒంట్లో నలతా లేదు. ఉతికి ఆరేసిన మా ఆయన తువ్వాలు ఒళ్ళో పరుచుకుని మడుస్తున్నాను. దాని కింద ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

నేను అరవలేదు. ఆ పట్టు నాకు తెలుసు. గరుకు అరచెయ్యి. వేళ్ళన్నీ కలిసి గట్టిగా నొక్కాయి. మొండి వేలు తగిలింది. ఒక్క విదిలింపు. ఆ తర్వాత ఏమీ లేదు. తువ్వాలు దులిపి చూశాను. గది అంతా వెతికాను. తలుపు గడియ వేసినట్టే ఉంది. నా ఉంగరం నొక్కుకుని పక్క వేలి మీద పడిన గుర్తు మాత్రం సాయంత్రం దాకా పోలేదు.

ఆ గుర్తు చూసుకుంటూ ఉండగానే మెట్ల మీద చప్పుడైంది. మా ఆయన. తలుపు తీసి చూస్తే ముఖం పాలిపోయి ఉంది.

"బేరమైపోయింది. లే, తిరుపతికి పోదాం."

"శెట్టి దిగినాడా?"

"యాడ దిగినాడు? ఆయప్ప అడిగిందే ఇస్తానంటి." మంచం మీద కూలబడ్డాడు. "తువ్వాలు కింద ఎవరో నొక్కి విదిలించినట్టయింది. చిన్నప్పుడు నాయన కాడ పడిన అలవాటు, లేసి నిలబడి సరే అనేసినా. నేను నొక్కలేదప్పా అంటాడు శెట్టి. అన్న మాట ఎనక్కి తీసుకునేదెట్ల?"

ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఆ చెయ్యి శెట్టిది కాదు మే. ఉంగరం వేలు పొట్టి."

నా సంగతి నేనింకా ఆయనకు చెప్పనే లేదు.

ఆ రోజే రైలెక్కాము. కొండ మీద రెండు రోజులున్నాము. దర్శనానికి పోతూ కూడా ఆయన ఆ బేరం గురించే గొణిగాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ పొద్దున్నే చలికి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని వేడి పొంగలి తిన్నాము. పెళ్ళైనప్పటి నుంచి మేమిద్దరమే కూర్చుని తిన్నది అదే మొదలు.

దీనికి నేను సమాధానం వెతకని రోజు లేదు. నాకైతే పాత జ్ఞాపకం అనుకుందాం. కింద మండీలో ఉన్న మనిషికి అదే సమయానికి అదే చెయ్యి ఎలా తగిలింది? ఎవరిని అడగాలో తెలియక విసుగు పుడుతుంది.

వ్యాపారం చూసుకోవడానికి నాయనే వచ్చినాడని మా ఆయన తేల్చేశాడు. వ్యాపారం కోసమంటేనే నాకు పొసగదు. ఆ సరుకు మాకు నష్టమే తెచ్చింది. మామగారు బతికున్నన్నాళ్ళూ నష్టానికి ఒక్క బేరం కూడా ముగించిన మనిషి కాదు.