షబానాకు అడ్డం పడిన రోజు

ఆ రోజు గుంతకల్లులో వాన తప్ప అన్నీ పడ్డాయి. బంతి పడింది, షబానా పడింది, నేను పడ్డాను. నా పరువు వీటన్నిటికంటే ముందే పడింది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకున్నా పైకి అనను. నాకు మాటలు నోట్లోకంటే డైరీలోనే బాగా వస్తాయి.

మాది వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ క్లబ్బు. ఆదివారాలు సిమెంటు కోర్టులో ఆడతాం. నడుము సరిగా నిలవని నాలాంటివాళ్ల పని, అవతలి జట్టు కుర్చీకి మన కుర్చీ అడ్డం పెట్టి ఆపడం. ఆ సందులోంచి షబానా దూసుకుపోయి బంతిని రింగులో వేస్తుంది, అదే బుట్ట. దారి నాది, చప్పట్లు ఆమెవి. పెళ్లిలో గాడిపొయ్యి తవ్వినవాడికి ఫోటో ఉంటుందా? షబానా చెయ్యెత్తిన ప్రతిసారీ నా కడుపులో బొరుగులు వేగేవి.

కొత్తచెరువు జట్టుతో పోటీ రోజున విడపనకల్లు నుంచి మా నాయన మొదటిసారి ఆట చూడటానికి వచ్చాడు.

"ఆటలో నీ పనేందిమ్మా?"

"అడ్డం పడేది నాయనా."

"అది ఇంట్లోనే చేస్తాంటివి గదా! దానికి ఇంత దూరం రావల్లనా?"

ఆట మొదలైంది. "ఎయ్యి పాపా, ఎయ్యి! అబ్బబ్బా, ఏం చెయ్యిమ్మా అది!" అని నాయన గొంతు. మురిసిపోయి తిరిగి చూశాను. షబానాకట! పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా నాయనకు పొరుగు పిల్ల బుట్ట రుచి.

చివరి నిమిషం. ఇంకొక్క బుట్ట పడితే గెలుపు మాదే. "ఆ కొత్తచెరువు పొడుగుపిల్లను ఆపు పాపా!" అని కోచ్ అన్న అరిచాడు. నేనా? నాయన ముందు ఒక్కసారైనా బంతి వెయ్యొద్దూ? పొడుగుపిల్లను గాలికి వదిలేసి నేరుగా రింగు కిందికి ఉరికాను.

"షబానా, నాకియ్యి!"

ఇచ్చే లోపలే నా కాళ్ల కింది కడ్డీ పోయి ఆమె చక్రానికి తగులుకుంది. బెల్టులతో కుర్చీలకు కట్టేసుకుని ఉంటాం కదా, కుర్చీలతో సహా బోర్లాపడ్డాం, వీపున చిప్పలు మోసే రెండు తాబేళ్లలాగా. బంతి దొర్లుకుంటూ పొడుగుపిల్ల ఒళ్లోకే పోయింది. ఆమె అటు రింగులో వేసేసింది. విజిల్ మోగింది.

"ఏమ్మే, నేనూ నీ జట్టే గదా?" కింద నుంచి షబానా.

కోచ్ అన్న తల పట్టుకున్నాడు. "ఇన్ని నెలలు నేర్పిస్తి. ఒక్క దినమన్నా ఇంత బాగా అడ్డం పడలేదు గదమ్మా నువ్వు!"

అంతమందిలో ఒకే ఒక్కడు చప్పట్లు కొడుతున్నాడు. మా నాయన.

"శబాష్ పాపా! పొద్దున్నించి ఆ పిల్లను ఎవురన్నా ఆపగలిగినారా? నువ్వు ఆపినావు! నీ అంగీ మాదిరిదే ఏసుకునుంటే మాత్రం ఏమి!"

అందరికంటే ముందు నవ్వింది షబానానే.

ఇందుమూలంగా, బంతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా రంగు అంగీ వేసుకున్న మనిషికి ఈ జన్మలో అడ్డం పడను. అసూయ మానతానని మాత్రం చెప్పలేదు, గమనించండి. ఎందుకంటే ఆ సాయంత్రం నాయన తెచ్చిన బజ్జీ బొరుగుల్లో మొదటి పొట్లం షబానాకే ఇచ్చాడు.