ఓడల మాటలు విని చెల్లికి చేసిన ఫోను

ఆ డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజున నా భార్య దాన్ని తిప్పి చూసి, "ఇదేటి, వాకీటాకీయా? ఎవుళితో మాట్లాడతారు?" అని అడిగింది. మాట్లాడడానికి కాదు, వినడానికే అన్నాను. "మా మాట ఇనడానికి మటుకు తీరిక ఉండదు" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు బుద్ధి రావలసిన సమయం అదే. రాలేదు.

దాన్ని స్కానర్ అంటారు. ఓడలు, టగ్గులు, పోర్టు కంట్రోలు వాళ్ళు మాట్లాడుకునే చానళ్ళ మీద వరసగా తిరుగుతూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. ఆగడం వరకే నాకు అర్థమైంది. ఇలాంటివి వినడానికి అనుమతి ఏదైనా కావాలేమో అన్న అనుమానం వచ్చింది గానీ, అడిగితే కాదంటారని అడగలేదు.

పాతపట్నంలో మాది కళ్ళజోళ్ళ షాపు, మేడ మీద ఇల్లు. డాబా ఎక్కితే పోర్టు క్రేన్లు, వాటి వెనక డాల్ఫిన్ నోస్ కొండ కనబడతాయి. పుట్టినప్పటి నుంచి ఓడల కూత వింటున్నవాణ్ణి, వాటి మాటలు వినడం మాత్రం కొత్త. మధ్యాహ్నం షట్టరు సగం దించి డాబా మీద కుర్చీ వేసుకునేవాణ్ణి. మొదట్లో అంతా గరగర. రానురాను అందులోంచి పైలట్ల గొంతులు విడివడ్డాయి. ఓడను లోపలికి తెచ్చే పైలట్ చెబుతుంటాడు, టగ్గులు ఆ మాట ప్రకారం దాన్ని లాగుతాయి, తోస్తాయి. పుల్ హాఫ్, ఈజీ, స్టాప్. అంతే. నాకు అదే కచేరీ.

ఆ టగ్గుల్లో ఒకదాని మీద మా బావ కలాసీ. బావంటే మా చెల్లి మొగుడు, నాకంటే ఏడాది పెద్ద. తాళ్ళు కట్టడం, విప్పడం ఆయన పని. రేడియోలో మాట్లాడేది ఆయన కాదు, టగ్గు మాస్టరు. ఆ మాస్టరు ప్రతి మాటకీ "ఓకే ఓకే ఓకే" అంటాడు. ఆ మూడు ఓకేలు వినబడితే అది బావ ఉన్న టగ్గే. మల్కాపురంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఈ ఘనత చెప్పుకునేవాణ్ణి. "మంగళారం పొద్దున మీరు ఎర్ర ఓడ తెచ్చినారు కదా బావా?" అంటే బావ నవ్వి, "తెచ్చినాం. నీకెందుకు బావా ఆ గోల, సుబ్బరంగా పాటలినుకోక?" అనేవాడు. ఆయన నవ్వును మెచ్చుకోలు అనుకున్నాను.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం. డాబా మీద రేకు కింద కూర్చున్నాను. పైలట్ గొంతు గట్టిగా వచ్చింది. "స్టాప్, స్టాప్." వెంటనే "ఓకే ఓకే ఓకే." తరువాత గరగర. కాస్త ఆగి ఎవరో కంగారుగా "మ్యాన్ ఓవర్‌బోర్డ్, మ్యాన్ ఓవర్‌బోర్డ్" అన్నారు. మనిషి నీళ్ళలో పడ్డాడని. అంతే, ఆ తరువాత ఎంతసేపు చెవి పెట్టినా సరిగా ఏమీ వినబడలేదు.

డబ్బా మీద చిన్న నంబరు ఉంటుంది, ఏ చానల్ అన్నది అదే చెబుతుంది. నేను దాన్ని చూడలేదు. చూసినా కనబడేది కాదు. ఊరందరికీ కళ్ళజోళ్ళు అమ్మే నేను నా జోడును కింద కౌంటరు మీద వదిలేసి వచ్చాను.

బావకు ఫోన్ చేస్తే స్విచాఫ్. తాళ్ళ దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళడని తెలుసు. తెలిసీ దాన్ని కూడా సాక్ష్యంలో కలుపుకున్నాను. చెల్లికి చేశాను. "బావ టగ్గు మీంచి మనిషి పడిపోయాడట, బావ ఫోను కూడా స్విచాఫ్. నేను రేడియోలో విన్నాను" అన్నాను. అవతల గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది.

స్కూటర్ మీద తడుస్తూ వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. బావ తల్లి నేల మీద కూలబడి, "నా కొడకా, నా బంగారు కొడకా, నన్నొగ్గీసి ఎల్పోనావేట్రా" అని శోకం పెడుతోంది. మొదటి జీతంతో కొన్న చీర దగ్గర నుంచీ కొడుకు చేసినవన్నీ వరసగా ఎత్తి ఏడుస్తోంది. చెల్లి ఏడవడం లేదు. ఫోన్ చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ బావ నంబరే నొక్కుతోంది. నాకు ఎవరో కుర్చీ వేశారు. కబురు తెచ్చినవాణ్ణి కదా. వచ్చినవాళ్ళందరూ నన్నే అడిగారు. అందరికీ చెప్పాను. చెప్పేకొద్దీ కథ చక్కబడింది. ఎదురింటాయనకు చెప్పేటప్పుడు తాడు తెగిందన్నాను. తాడు సంగతి రేడియోలో ఎవరూ ఎత్తలేదు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నేనే నమ్మాను.

డ్యూటీ దిగి, సంచి భుజాన వేసుకుని, బావ సందు మలుపు తిరిగాడు. తల్లి కొడుకు కోసం ఏడుస్తున్న ఏడుపు ఆయనకు అక్కడికే వినబడింది. ఇంటి ముందు జనం. సంచి బురదలో పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"పిల్లోడేడి? నా పిల్లోడికి ఏటయింది?"

మనవణ్ణి కూడా ఆమె కొడకా అనే పిలుస్తుంది, ఆయన ఆ ఏడుపును తన కొడుకు కోసం అనుకున్నాడు. పిల్లాడు ట్యూషన్‌లో ఉన్నాడు. జనం మాత్రం దయ్యాన్ని చూసినట్టు ఆయన్నే చూస్తున్నారు. బావ జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి మంచం కింద కూడా చూశాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చివరికి చెల్లే ఆయన చొక్కా పట్టుకుని ఆపి, "పిల్లోడు బాగున్నాడు. నీ కోసమే ఏడుత్తన్నారు" అంది.

"నాకేటయింది?" అన్నాడు బావ.

అందరూ నా వైపు తిరిగారు. రేడియో, స్టాప్, మనిషి నీళ్ళలో... ఏదో గొణిగాను. బావ విన్నాడు. "పైలట్ స్టాపన్నాడు, ఆగినాం. ఓడ కట్టీసి వచ్చినాం. మనిసి పడిపోనాడన్నది మా కాడ కాదు బావా. బయట లంగరేసిన ఓడ మీద డ్రిల్లు, ఉత్తుత్తిది. డ్రిల్లని ముందే సెప్పినారు, మా మాస్టరు కూడా ఇన్నాడు" అన్నాడు. అరిస్తే బాగుండేది. అరవలేదు.

బతికున్న మనిషి కోసం ఏడుపు ఎత్తాక అతణ్ణి ఊరికే గడప దాటనివ్వరు. లోపలికి ఎలా వెళ్ళాడో అలాగే బయటికి రమ్మన్నారు. వీధి కుళాయి కింద, వానలోనే, వాచీతో సహా కూర్చోబెట్టి తలమీద బిందెలు గుమ్మరించారు. తల్లి పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు దిష్టి తీసి సందు మొగలో పారబోసింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "పుట్టింటోళ్ళు కొత్తబట్టలెట్టాల" అంది, నా ముఖం చూడకుండానే. చెల్లి పుట్టింటోళ్ళంటే నేనే. బజారుకు వెళ్ళి పంచె, తువ్వాలు తెచ్చాను. షాపువాడు ఏదైనా శుభకార్యమా అని అడిగాడు. అవునన్నాను.

ఆ సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని డబ్బాను ముందు పెట్టుకున్నాను. మాట రాగానే ఆగింది. మాట ఆగి కాసేపయ్యాక నంబరు మారి ఇంకో చానల్ మీద ఆగింది. ఒకచోట మొదలైన మాటకు ఇంకోచోటి మాట వచ్చి అతుక్కుంటోంది. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. డ్రిల్లన్న మాట నా డబ్బా అక్కడికి చేరేలోపే అయిపోయి ఉంటుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా లోపల ఎక్కడో కొంచెం తేలికపడ్డాను. తప్పు యంత్రానిది, తెలియనితనానిది. ఎవరైనా పొరబడతారు. ఈ మాట చెల్లికి చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను.

ఆదివారం డబ్బా పట్టుకునే వెళ్ళాను. బావ పిల్లాణ్ణి తీసుకుని చేపలకు వెళ్ళాడట. చెల్లి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని నంబరు ఎలా మారుతుందో, మాటలు ఎలా కలిసిపోతాయో చూపించాను. అడ్డు రాకుండా మొత్తం వింది.

"సరే అన్నియ్యా. ఆ డబ్బా నీకు తప్పు సెప్పింది. నాను డబ్బా ఇన్లేదు కదా, నీ గొంతు ఇన్నాను."

చాటలోంచి ఇంకో రాయి ఏరి అరుగు కింద పడేసింది.

"నా మొగుడు పడిపోనాడని సెప్పినావు కదా, అప్పుడు నీ గొంతులో ఏటుందో తెలుసా? సంబరం ఉంది. పరీచ్చ పాసైపోనోడి నాగ సెప్పినావు."

కాదనడానికి నోరు తెరిచాను. వాన పడుతున్న ఆ డాబా, చేతిలో ఫోను, "నేను రేడియోలో విన్నాను" అన్న నా మాట గుర్తొచ్చాయి. బావ పేరు కంటే ఆ "నేను" అన్న మాటనే గట్టిగా పలికాను.

చెల్లి చాట పట్టుకుని లోపలికి వెళ్ళింది. నా ఒళ్ళో డబ్బా ఇంకా తిరుగుతూనే ఉంది. "ఓకే ఓకే ఓకే" అంది. దాన్ని ఆపడానికి మీట ఎక్కడుందో చేతికి వెంటనే దొరకలేదు.