మా నాయనమ్మ వెనక్కి తీసుకున్న మాట

ఆ రోజుల్లో పంతొమ్మిదేళ్ల ఆడపిల్ల నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగంలో చేరిందంటే, ఆ ఇంట్లోవాళ్లకి ఇక విశ్రాంతి లేదనే అర్థం. నేను ఏలూరులో టీచరు ట్రైనింగ్ ముగించి, కొల్లేటి గట్టు మీదున్న మా ఊరి మిషన్ బడిలో చేరాను. పిల్లల్ని దిద్దగా మిగిలిన ఉత్సాహమంతా ఇంటి మీదికి మళ్లింది. వారానికొక సాయంత్రం కుటుంబమంతా కలిసి కూర్చుని దేవుడి మాటలు చెప్పుకోవాలని ట్రైనింగ్‌లో ఒక టీచరమ్మ అనేది. దానికి నా తెలివి కొంత కలిపి, ఒక శనివారం సేవ గురించీ, మరుసటి శనివారం పూర్వీకుల గురించీ అని ఏర్పాటు చేశాను. ముందు కీర్తన, తరవాత ప్రార్థన, ఆపైన ఒకరు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. (వినడమనేది మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చేసి ఎరగరు.)

మొదటి శనివారం సేవ గురించి నాన్న మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. చివరికి అమ్మ, "ఏవండీ, సేవ అంటే వినడమేనా, చేసేదేమైనా ఉందా? అంట్లు అలాగే పడున్నాయి" అంది. నాకు చురుక్కుమంది. ఆ వారంలో ప్రతి ఒక్కరూ పొరుగువారికి ఒక మేలు చెయ్యాలని అక్కడికక్కడే తీర్మానించాను. పొరుగువారంటే అందరికీ ఎదురింటి ముసలమ్మే తోచింది. సోమవారం పొద్దున్నే నేనూ, అమ్మా, నాన్నా, పక్కింట్లో ఉండే మా పెదనాన్నా తలో బిందె నీళ్లు మోసుకుని ఆవిడ గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం. కుండలు నిండి, తొట్టి నిండి, మిగిలిన నీళ్లు ఆవిడ ఆరబోసుకున్న ధాన్యంలోకి పారాయి. "మీ సేవకో దణ్ణం, నన్నిలా బతకనివ్వండర్రా!" అందావిడ.

పూర్వీకుల సాయంత్రాలు మాత్రం పెదనాన్నవి. ఆయన సంఘపెద్ద. కొల్లేరు పొంగి ఊళ్లు మునిగిన ఏడు మా తాతయ్య, జ్వరంతో ఉన్న మిషన్ దొరసానమ్మని దోనెలో పడుకోబెట్టి, పొడుగాటి వెదురు గెడ వేసుకుంటూ ఒడ్డుకి చేర్చాడనీ, ఆ కృతజ్ఞతతో దొరసానమ్మ చెప్పిన వాక్యం వినే మా కుటుంబం దేవుణ్ణి తెలుసుకుందనీ ఆయన ప్రతి కోతపండక్కీ గుడిలో చెప్పేవాడు. ఇంట్లో చెప్పినప్పుడు లేచి నిలబడి, రెండు చేతులతో గెడ వేసి చూపించేవాడు. ఒకసారి ఆ గెడ పోటుకి లాంతరు పడి చిమ్నీ పగిలింది. చెప్పినప్పుడల్లా వరద ఇంకాస్త పెరిగేది. "క్రితంసారి మొసళ్లు లేవు కదన్నయ్యా" అని నాన్న అడ్డుపడేవాడు.

అలాంటి ఒక సాయంత్రం, తుంగ చాప అల్లుకుంటూ కూర్చున్న మా నాయనమ్మ తలెత్తకుండానే అంది. "మీ నాన్నకి గెడ వెయ్యడం ఎక్కడొచ్చురా? దోనె కదిలితే కళ్లు తిరిగేవి ఆయనకి. ఆవేళ నడిపింది నేను. మీ నాన్న దొరసానమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అన్యాయం అయిపోతున్నామని ఏడుపు."

అమ్మ పకపకా నవ్వింది. నాన్నా నవ్వాడు. నేనైతే చప్పట్లు కొట్టి, "అయితే మొత్తం చెప్పవే నాయనమ్మా!" అన్నాను. పెదనాన్న ఒక్కడే నవ్వలేదు.

"అయితే ఇన్నేళ్లూ దేవుడి గుడిలో నేను అబద్ధం చెప్పానంటావా అమ్మా?"

"నువ్వెందుకు ఆడతావురా అబద్ధం! నీకలా తెలిసింది, చెప్పావు."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తరవాతి శనివారం రాలేదు. ఆదివారం గుడిలో కూడా మమ్మల్ని చూడనట్టే కూర్చున్నాడు. కోతపండగ దగ్గరపడుతోంది, ఈసారి సాక్ష్యం చెప్పనని పాస్టరయ్యగారితో అన్నాడట.

మళ్లీ పూర్వీకుల వారం వచ్చింది. నాయనమ్మే పక్కింటికి వెళ్లి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మొత్తం కథ ఇవాళ వింటానని నేను ముందు వరసలో కూర్చున్నాను.

"ఆవేళ ఏదో వేళాకోళానికి అన్నానర్రా," అంది నాయనమ్మ. "గెడ వేసింది మీ నాన్నే. నేనసలు ఒడ్డునే ఉన్నాను."

నాన్న ఏదో అనబోతే అమ్మ మోచేత్తో పొడిచింది. పెదనాన్న కండువా నడుముకి బిగించి, లేచి నిలబడి గెడ అందుకున్నాడు. మొసళ్లతో సహా.

మర్నాడు దొడ్లో నేను పట్టుబట్టాను. "నిజం చెప్పు, నడిపింది నువ్వేనా?"

"తండ్రి పోయేనాటికి వాడు పసివాడమ్మా," అంది. "ముఖం కూడా గుర్తులేదు. మీ నాన్నకి ఆ లోటే తెలీదు, కడుపులో ఉన్నాడు. పెద్దాడికి తండ్రంటూ మిగిలింది ఆ దోనె మీద నిలబడ్డవాడొక్కడే. అది కూడా నేను లాక్కోనా?"

మెల్లగా రాబట్టుకుందాంలే అనుకున్నాను. ఈలోగా నాకు తాడేపల్లిగూడెం బడికి బదిలీ అయింది. నేను లేకపోయేసరికి శనివారాలు ఆగిపోయాయి. (ఎదురింటి ముసలమ్మ చాలా సంతోషించిందట.) మరుసటి వానాకాలంలో నాయనమ్మకి బాగాలేదని కబురొచ్చి, నేను రైలు దిగి ఊరు చేరేసరికి ఆమె లేదు.

సమాధి దగ్గర పెదనాన్నని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన వరద దగ్గరే మొదలుపెట్టాడు. చేతులు పైకి లేచాయి గానీ, గెడ వెయ్యలేదు. "ఆ దోనెలో మా అమ్మ కూడా ఉంది," అన్నాడు. ఆ చేతుల్తోనే పిడికెడు మట్టి తీసి వేశాడు.

ఇప్పుడు మా మనవరాళ్లు దోనె కథ అడుగుతారు. గెడ వేసింది మా నాయనమ్మే అని నేను చెబుతాను. అంత నీటిలో భయపడలేదా, దోనె నడపడం ఎవరు నేర్పారు, ఒడ్డు చేరాక దొరసానమ్మ ఆమెతో ఏమంది అని అడిగితే తెల్లముఖం వేస్తాను. పూర్వీకుల కోసం రెండు వారాలకొక సాయంత్రం కేటాయించిన ఆ కుర్ర పంతులమ్మని తలుచుకుంటే నవ్వొస్తుంది. పూర్వీకురాలు ఎదురుగా కూర్చుని చాప అల్లుతుంటే, పాపం, ఆ పిల్ల వచ్చే శనివారం కోసం ఎదురుచూస్తూ ఉండేది.